మిద్దె మీద తులసి రకాలు: ఏ రకాన్ని ఎప్పుడు, కొమ్మ మీద ఎక్కడ కోయాలి?

హనుమకొండ_మిద్దెతోట

ఇంటి ముందు, మిద్దె మీద కలిపి మేము ఐదు రకాల తులసి జాతి మొక్కలు పెంచుతున్నాము. తులసి కోటలో కృష్ణ తులసి, దాని పక్కన కుండీలో పచ్చని లక్ష్మీ తులసి, మిద్దె మీద వంటకు వాడే ఇటాలియన్ బేసిల్, థాయ్ బేసిల్, వీటితో పాటు ములుగు వైపు బంధువులు తెచ్చి ఇచ్చిన, లవంగం వాసన వచ్చే పెద్దాకుల వన తులసి ఉన్నాయి. అన్నింటికీ ఒకే మట్టి, ఒకే నీరు, ఒకే ఎరువు ఇస్తున్నాను కానీ ఒక్కొక్కటి ఒక్కో తీరుగా పెరుగుతున్నది. ఇటాలియన్ బేసిల్ జానెడు ఎత్తు రాగానే పూతకు వస్తుంది, ఆ తరువాత వచ్చే ఆకులు చిన్నవై చేదెక్కుతున్నాయి. వన తులసి నా భుజం దాటి పెరిగింది, గాలి వీస్తే కొమ్మలు విరుగుతున్నాయి. కృష్ణ తులసి ఆకులు ముడుచుకొని, గోధుమ రంగుకు మారి రాలిపోతున్నాయి.

కోయడమే వీటికి మందని కొందరు, కోస్తే మొక్క చస్తుందని కొందరు అంటున్నారు. కోటలోని తులసికి కత్తెర తాకించవద్దని మా అత్తమ్మ గట్టిగా చెబుతారు. చల్లని దేశాల వారు చెప్పే పద్ధతులు మన రోహిణి కార్తె ఎండలకు ఎంతవరకు పనికివస్తాయో తెలియడం లేదు కాబట్టి, ఓరుగల్లు, కరీంనగర్ ప్రాంతాలలో స్వయంగా పెంచినవారు చెబితే బాగుంటుంది.

చెల్కనేల

కుండీల పరిమాణం, నీళ్లు పోసే తీరు చెప్పలేదు. జానెడు ఎత్తుకే పూత వస్తున్నదంటే నాకు మొదట అనుమానం వచ్చేది కుండీ మీదనే. వేరుకు చోటు లేకపోయినా, మట్టి పదేపదే పూర్తిగా ఎండిపోయినా బేసిల్ తన కాలం ముగిసిందని భావించి గింజ కట్టడానికి తొందరపడుతుంది.

హనుమకొండ_మిద్దెతోట

బేసిల్ రెండూ ఎనిమిది అంగుళాల ప్లాస్టిక్ కుండీలలో ఉన్నాయి. ఎర్రమట్టి, మాగిన పశువుల ఎరువు సగం సగం కలిపాను. పొద్దున ఒకసారి బోరు నీరు పోస్తాను. సాయంత్రానికి మట్టి గట్టిపడి కుండీ అంచును వదులుతున్నది.

చెల్కనేల

అయితే సగం సమాధానం మీరే చెప్పారు. ఎండాకాలంలో మిద్దె మీద ఎనిమిది అంగుళాల కుండీ, అందులోనూ నల్లని ప్లాస్టిక్ కుండీ, వేరును ఉడకబెడుతుంది. కనీసం పన్నెండు అంగుళాల కుండీకి మార్చండి. ఉత్త ఎర్రమట్టి ఎండితే రాయిలా బిగుస్తుంది కనుక అందులో మూడో వంతు కొబ్బరి పొట్టు కలపండి, పైన ఎండుటాకులు పరచండి.

వృక్షశాస్త్ర_బోధన

ఐదు మొక్కలూ ఒకే ప్రజాతికి (జీనస్) చెందినవే అయినా ఒకే మొక్క కావు. ముందుగా వాటిని వేరుచేసి చూస్తే కోత విషయంలోని గందరగోళం చాలావరకు తొలగుతుంది.

కృష్ణ తులసి, లక్ష్మీ తులసి రెండూ ఒకటే జాతి, ఆసిమమ్ టెన్యుఫ్లోరమ్. కొమ్మ, ఆకు రంగులో తేడా తప్ప పెరిగే తీరు ఒకటే. ఇవి బహువార్షికాలు, కాండం క్రమంగా కట్టెగా మారుతుంది, మంచి సంరక్షణలో రెండు మూడేళ్లు నిండుగా ఉంటాయి. ఇటాలియన్ బేసిల్, థాయ్ బేసిల్ రెండూ ఆసిమమ్ బాసిలికమ్ రకాలు. మన ఊళ్లలో రుద్రజడ అని పిలుస్తూ పూలదండలలో కట్టే మొక్క, వేసవిలో షర్బత్‌లో వేసే సబ్జా గింజనిచ్చే మొక్క కూడా ఈ జాతివే. వీటిని ఏకవార్షికంగానే చూడాలి. గింజ కట్టగానే వీటి పని అయిపోతుంది. మీ బంధువులు ఇచ్చిన పెద్దాకుల మొక్క ఆసిమమ్ గ్రాటిసిమమ్ కావచ్చు. అది మనిషి ఎత్తు పెరిగే పొద, దానికి కోత భయం లేదు.

కోత సూత్రం అన్నింటికీ ఒక్కటే. ఈ ప్రజాతిలో ప్రతి కణుపు దగ్గర ఆకులు ఎదురెదురుగా జంటగా ఉంటాయి, ప్రతి ఆకు మొదట్లో నిద్రాణంగా ఒక మొగ్గ ఉంటుంది. కొమ్మ కొన ఉన్నంతకాలం ఆ మొగ్గలను ఎదగనీయదు. కొనను తీసివేస్తే, దాని కిందనే ఉన్న జంటలోని రెండు మొగ్గలూ మేల్కొని రెండు కొమ్మలవుతాయి. కాబట్టి ఆకులను ఒక్కొక్కటిగా గిల్లడం కాదు, కొమ్మ కొనను ఒక జంట ఆకులకు కొద్దిగా పైన కోయాలి. ఇటాలియన్ బేసిల్ నాలుగు జంటల ఆకులు వేయగానే కింది రెండు జంటలను ఉంచి పైభాగం తీసేయండి. కొత్తగా వచ్చిన రెండు కొమ్మలూ మూడేసి జంటలు వేయగానే మళ్లీ అదే పని చేయండి. బేసిల్ గుబురైన తరువాత మాత్రం ఒకసారికి మొక్కలో మూడో వంతు కంటే ఎక్కువ తీయకూడదు.

కింది పెద్దాకులను ఏరి కోయడం చాలామందికి అలవాటు, ఎందుకంటే అవే పెద్దగా కనిపిస్తాయి. మొక్కకు అన్నం వండిపెట్టేవి ఆ ఆకులే. వాటిని తీసి కొనను వదిలేస్తే మొక్క బోడి కాడగా పైకి పోయి, తల మీద పూత పెట్టుకుంటుంది.

మంజరి

పై వివరణకు ఒక చిన్న చేర్పు. పూత వచ్చిన తరువాత కంకిని మాత్రమే గిల్లితే సరిపోదు. కంకి కింద రెండు జంటలతో సహా తీయాలి, లేకపోతే ఆ పక్క మొగ్గలు కూడా వెంటనే కంకులుగానే వస్తాయి. నా బేసిల్‌ను ఇలాగే లోతుగా కోస్తూ వానాకాలమంతా ఆకు తీసుకుంటాను.

తులసికోట

వృక్షశాస్త్రం చెప్పినవారి మాట వంటింటి బేసిల్‌కు సరే. కోటలో పూజ అందుకునే తులసిని కూడా ఆ లెక్కలోనే వేయడం నాకు సమ్మతం కాదు. మా ఇంట్లో ఆదివారం, మంగళవారం, శుక్రవారం, ద్వాదశి రోజులలో దళం తుంచరు, పొద్దు గూకిన తరువాత చెట్టును తాకరు. తుంచవలసి వస్తే స్నానం చేసి, నమస్కరించి, వేళ్లతో తీస్తారు. కత్తెర పట్టింది లేదు, అయినా మా కోట ఎన్నడూ వెలవెలబోలేదు. అమ్మా, మీ అత్తగారి మాటను తీసిపారేయకండి.

వృక్షశాస్త్ర_బోధన

తులసికోట గారి ఆచారంపై నాకు గౌరవమే ఉంది, దానిని వదలమని నేను చెప్పను. ఆ ఆచారంలోనే మొక్కకు మేలు చేసే పని దాగి ఉన్నదని మాత్రం గమనించమంటాను. వారానికి మూడు రోజులు తాకకపోవడం వలన మొక్కకు కోలుకునే వ్యవధి దొరుకుతుంది. మిగిలిన రోజులలో పూజకు మంజరితో కూడిన కొనలే తుంచుతారు కదా, అంటే రోజూ కొద్దికొద్దిగా కొనల కోత జరుగుతూనే ఉంది. వెలవెలబోకపోవడానికి అదే కారణం. పూజ చేయడం ఆగిపోయి, తుంచేవారు లేక వదిలేసిన కోటలలో తులసి గింజ కట్టి, కింద బోడిగా, పైన ఎండు కంకులతో మిగలడం మనం అనేక ఇళ్లలో చూస్తున్నాము.

కాజీపేట_కుండీలు

వేళ్లతో తీయడం గురించి ఒక మాట. లేత కొన గోటితో తెగుతుంది, అక్కడ కత్తెర అవసరమే లేదు. కట్టెబారిన కొమ్మను వేళ్లతో లాగితే మాత్రం కాండం మీది బెరడు చీలి కిందికి లేస్తుంది, వానాకాలంలో ఆ గాయం నుంచే కుళ్లు పట్టి కొమ్మంతా నల్లబడుతుంది. లేతదానికి వేళ్లు, ముదురుదానికి శుభ్రం చేసిన కత్తెర అన్నది మా ఇంట్లో కుదిరిన ఒప్పందం.

తులసికోట

ఎండిన కొమ్మ వరకైతే నాకు అభ్యంతరం లేదు, మా అమ్మ కూడా ఎండు కొమ్మలను తీసి ఎండబెట్టి హోమానికి దాచేది. పచ్చి కొమ్మ మీద కత్తెర వద్దనే నా మాట.

రేగడి_రైతు

కోటలో ఒక మొక్క, వాడకానికి వేరే కుండీలో మరో మొక్క పెట్టుకుంటే ఈ వాదమే ఉండదు. జనగామలో మా ఇంట్లో ఎప్పటి నుంచో ఇదే పద్ధతి. దగ్గు, జలుబు వస్తే కషాయానికి పెరటి మొక్క నుంచి కోస్తాము, కోటలోని మొక్కను దీపం పెట్టేవారికి వదిలేస్తాము.

హనుమకొండ_మిద్దెతోట

రేగడి_రైతు గారి మాట మా అత్తమ్మకు చదివి వినిపించాను, వారికి నచ్చింది. లక్ష్మీ తులసి కుండీని వాడకానికి పెట్టుకుంటాము. కానీ కృష్ణ తులసి ఆకులు ముడుచుకోవడం ఆగలేదు. ఎండ వలన అనుకొని నీడకు జరిపినా మార్పు లేదు.

పెరటి_పురుగులు

ఆకును తిప్పి అడుగున చూడండి. సన్నని నల్లటి చుక్కల లాంటి రెట్ట, దాని మధ్య ఆవగింజ కంటే చిన్నవైన నల్లని పిల్లపురుగులు, జాలీ అల్లినట్టుండే పారదర్శక రెక్కల చిన్న నల్లి కనిపిస్తే అది తులసిని పట్టే రసం పీల్చే పురుగు. శాస్త్రీయంగా దానిని కాక్లోకైలా బుల్లిటా అంటారు. ఇది గుంపులుగా ఆకు అడుగున, లేత కొనల్లో చేరి రసం పీలుస్తుంది. ఆకు మొదట తెల్లని చుక్కలతో పాలిపోయి, తరువాత ముడుచుకొని, గోధుమ రంగుకు మారి ఎండుతుంది. చాలామంది దీనిని ఎండదెబ్బ అనుకొని నీళ్లు పెంచుతారు, దానితో వేరు కూడా దెబ్బతింటుంది.

హనుమకొండ_మిద్దెతోట

మీరు చెప్పినట్టే ఉంది. ప్రతి ఆకు అడుగునా నల్లని చుక్కలు, వాటి మధ్య కదిలే పురుగులు కనిపించాయి. ఏం చేయాలి?

జగిత్యాల_పెరడు

పొగాకు కాడలను రాత్రంతా నానబెట్టి ఆ నీటిని వడగట్టి చల్లండి. మిరప తోటలలో పాతకాలం నుంచి వాడేదే, దెబ్బకు చస్తాయి.

పెరటి_పురుగులు

ఈ సలహాను తీవ్రంగా వ్యతిరేకిస్తున్నాను. పొగాకు నీటిలో ఉండేది నికోటిన్. అది మనుషులకూ విషమే, చర్మం ద్వారా కూడా ఒంట్లోకి వెళుతుంది. తులసి ఆకును మనం తీర్థంలో వేసుకొని నోట పెట్టుకుంటాము, పిల్లలు తుంచుకొని నములుతారు. పైగా పూత మీద తేనెటీగలు వాలే మొక్క ఇది. సహజమైనది అన్నంత మాత్రాన తినే ఆకుపై చల్లదగినది కాదు.

ముందుగా పురుగు ఎక్కువగా ఉన్న కొనలను, ముడుచుకున్న ఆకులను తీసి సంచిలో కట్టి పారేయండి. కుండీ పక్కన పడేస్తే తిరిగి ఎక్కుతాయి. ఆ తరువాత పైపుతో ఆకుల అడుగు భాగానికి తగిలేలా నీళ్లు గట్టిగా కొట్టండి. రెండు రోజులు ఆగి, లీటరు నీటికి 5 మిల్లీలీటర్ల వేపనూనె, అది నీటిలో కలవడానికి కొద్దిగా సబ్బు ద్రావణం కలిపి, పొద్దు వాలిన తరువాత ఆకు అడుగున తడిసేలా పిచికారీ చేయండి. వారం తరువాత మళ్లీ చేయాలి, ఎందుకంటే ఆకు కణజాలంలో పెట్టిన గుడ్లకు మొదటి పిచికారీ తగలదు. చివరి పిచికారీ తరువాత వారం పాటు ఆకు వాడకండి, వాడేటప్పుడు బాగా కడగండి. నడి ఎండలో వేపనూనె కొడితే ఆకు మాడుతుంది.

తులసికోట

ఇక్కడ నేను ఒక మెట్టు దిగుతున్నాను. పురుగు పట్టిన కొనలను కత్తెరతో తీయడం తులసికి సేవే. అలా తీసినదానిని చెత్తలో కాకుండా మట్టిలో లోతుగా పూడ్చిపెట్టండి.

జగిత్యాల_పెరడు

పొగాకు సంగతి ఒప్పుకుంటాను, పూజ మొక్క కదా అన్న ఆలోచన చేయవలసింది. వేపనూనె దొరకని చోట వేపగింజల కషాయం వాడవచ్చా?

పెరటి_పురుగులు

వాడవచ్చు. లీటరు నీటికి 50 గ్రాముల వేపగింజల పొడిని గుడ్డలో మూటకట్టి రాత్రంతా నానబెట్టి, పిండి, వడగట్టి అదే రోజు చల్లాలి. నిల్వ ఉంచితే శక్తి పోతుంది.

మంచిర్యాల_మల్లి

నా సమస్య వేరు. ఇటాలియన్ బేసిల్ ఆకులు పైన పసుపు పచ్చగా మారాయి, ఎరువు లోపమనుకొని జీవామృతం పోశాను. ఆకు అడుగున మాత్రం బూడిద రంగు నూగు కనిపిస్తున్నది. వానలు వెనుకబట్టిన దగ్గర నుంచి మొదలైంది, పక్కనే ఉన్న కృష్ణ తులసికి ఏమీ కాలేదు.

వృక్షశాస్త్ర_బోధన

అది ఎరువు లోపం కాదు, బూజు తెగులు. పెరోనోస్పోరా బెల్బారి అనే సూక్ష్మజీవి వలన వస్తుంది, రాత్రి తేమ ఎక్కువసేపు ఆకు మీద నిలిచినప్పుడు విజృంభిస్తుంది. ఇటాలియన్ రకాలు దీనికి తొందరగా లొంగుతాయి. పట్టిన ఆకులను తీసేసి, మొక్కల మధ్య గాలి ఆడేలా దూరం పెంచండి, సాయంత్రం ఆకుల మీద నీరు పోయకండి, మొక్క మొదలు దగ్గర మాత్రమే పోయండి. మొక్క సగానికి పైగా పట్టి ఉంటే పీకి పారేసి కొత్త గింజ వేయడమే మంచిది. వర్షాకాలం చివర ఈ తెగులు ఖాయం అనుకొని, అంతకు ముందే పెద్ద కోత ఒకటి తీసుకోవడం నేను పాటించే పద్ధతి.

చెల్కనేల

మల్లి గారు చెప్పిన తేడా గమనించదగినది. తెగులు బేసిల్‌ను, పురుగు తులసిని పడుతున్నాయి. రెండింటినీ ఆనించి పెట్టినా బేసిల్ బూజు తులసికి అంటకపోవచ్చు, ఆ పురుగు మాత్రం బేసిల్‌నూ పట్టవచ్చు. అందుకే అన్నింటికీ ఒకే మందు కొట్టే అలవాటు మానుకోవాలి.

మిరుగు_వాన

ఎండల విషయం ఎవరూ చెప్పలేదు. ఏప్రిల్, మే నెలలలో ఓరుగల్లులో పగటి వేడి నలభై రెండు, నలభై మూడు డిగ్రీలు దాటుతుంది. అప్పుడు ఇటాలియన్ బేసిల్‌ను మిద్దె మీద నిలపడానికి ప్రయాసపడేకంటే, సంక్రాంతి తరువాత విత్తి ఎండలు ముదరక ముందే కోత ముగించడం, మళ్లీ మిరుగు (మృగశిర కార్తె) వానలు పడ్డాక విత్తడం తెలివైన పని. సగం ఎండను ఆపే ఆకుపచ్చ వల కిందకు థాయ్ బేసిల్‌ను మారిస్తే అది వేసవిని తట్టుకుంటుంది, దాని ఆకు మందం, కాండం గట్టిది. లక్ష్మీ తులసి, వన తులసులకు నీరు ఆగకపోతే వల కూడా అవసరం లేదు. అయితే మే నెలలో ఏ తులసినీ గట్టిగా కత్తిరించవద్దు. ఆకుల నీడ పోతే లోపలి కాండానికి ఎండ సూటిగా తగిలి బెరడు కమిలిపోతుంది. పెద్ద కత్తిరింపు శివరాత్రి దాటిన కొద్ది రోజులకు గానీ, మిరుగు తరువాత గానీ చేయాలి.

ఆదిలాబాద్_చలి

మా వైపు చలికాలమూ లెక్కలోకి తీసుకోవాలి. డిసెంబర్, జనవరి నెలలలో ఇక్కడ రాత్రి వేడిమి పది డిగ్రీల కంటే తగ్గే రోజులు ఉంటాయి. అటువంటి రాత్రి బయట ఉన్న ఇటాలియన్ బేసిల్ తెల్లవారేసరికి నల్లబడుతుంది. కుండీలను గోడ పక్కకు, ఇంటి వరండాలోకి జరుపుకోవాలి. కార్తీకంలో కోట చుట్టూ దీపాలు పెట్టేటప్పుడు వేడి కాండానికి దగ్గరగా తగలకుండా చూడాలని కూడా నా మనవి.

కాజీపేట_కుండీలు

అదే కారణంతో కోసిన బేసిల్‌ను ఫ్రిజ్‌లో పెట్టకూడదు. చల్లదనానికి ఆకు నల్లబడుతుంది. కాడలను గ్లాసెడు నీళ్లలో నిలబెట్టి వంటింటి గట్టు మీద ఉంచితే వారం వరకు తాజాగా ఉంటుంది. నీరు రోజూ మార్చాలి. ఆ గ్లాసులోనే కొన్ని కాడలకు వేర్లు కూడా వస్తాయి, వాటిని కుండీలో నాటితే కొత్త మొక్క సిద్ధం.

వంటింటి_ఆకు

ఏ వేళకు కోయాలో కూడా చెప్పుకోవాలి. పొద్దున్నే మంచు తడి ఆరిన తరువాత, ఎండ ముదరక ముందు కోస్తే వాసన నిండుగా ఉంటుంది. తడి ఆకును కోసి మూటకడితే నల్లమచ్చలు పడతాయి. బేసిల్‌ను వంటకు పూత రాకముందు కోయాలి. పూత తరువాత ఆకు రుచి మారుతుంది. సువాసన నూనె తీసేవారు మాత్రం పూత నిండుగా ఉన్నప్పుడే కోస్తారు, ఎందుకంటే కంకిలోనూ నూనె ఉంటుంది. ఈ రెండు సలహాలను ఒకదానితో ఒకటి కలిపేసుకొని చదివితే అయోమయమే మిగులుతుంది.

నా వాడకం చెబుతాను. ఇటాలియన్ బేసిల్ ఆకును టమాట చారులో, పల్లీలు, వెల్లుల్లితో నూరే పచ్చి పచ్చడిలో వేస్తాను, పొయ్యి దించిన తరువాతే వేస్తాను. థాయ్ బేసిల్‌లో సోంపు వాసన ఉంటుంది, కాబట్టి అది వేపుళ్లకు బాగుంటుంది. కృష్ణ తులసి, లక్ష్మీ తులసులలో లవంగంలో ఉండే యూజినాల్ ఉంటుంది, మరిగినా వాటి ఘాటు నిలుస్తుంది కనుక కషాయానికి, టీకి అవే సరి. వన తులసి రెండాకులు చాలు, ఎక్కువైతే నాలుక మొద్దుబారుతుంది. రక్తం పలుచబడే మందులు వాడేవారు రోజూ తులసి కషాయం తాగే ముందు వైద్యుని అడగాలి.

ఎండబెట్టడంలోనూ తేడా ఉంది. తులసి నీడన ఎండినా వాసన నిలుపుకుంటుంది, ఇటాలియన్ బేసిల్ ఎండితే సగం గుణం పోతుంది. దానిని నూనెతో నూరి, ఐస్ ట్రేలో గడ్డకట్టించి దాచుకోవడం మేలు.

రేగడి_రైతు

వన తులసి సంగతి ఎవరూ ముగించలేదు. దానిని మిరుగు తరువాత మోకాలి ఎత్తుకు కోయండి, కింద పచ్చని ఆకులున్న కొమ్మలు మాత్రం వదలండి. పూర్తిగా కట్టెబారిన మోడు వరకు కోస్తే చిగుర్లు రావడం కష్టం. మా పెరట్లో ఏటా ఇలా కోస్తే దట్టంగా గుబురు కడుతుంది, దాని పక్కన వేసిన వంగ, టమాట పూతకు తేనెటీగల రాక కూడా పెరిగింది.

హనుమకొండ_మిద్దెతోట

అందరికీ కృతజ్ఞతలు. బేసిల్‌ను పెద్ద కుండీలకు మార్చాను, రెండు జంటలు వదిలి కోస్తే అక్కడక్కడా జంట చిగుర్లు కనబడుతున్నాయి. కృష్ణ తులసికి రెండోసారి వేపనూనె కొట్టాను, కొత్తగా వచ్చిన ఆకులు ముడుచుకోలేదు. ఒక సందేహం మిగిలింది. వచ్చే ఏడాదికి గింజలు నేనే దాచుకోవాలనుకుంటున్నాను. సబ్జా కోసం రుద్రజడ కూడా వేయాలని ఉంది. అన్నీ ఒకే మిద్దె మీద పూస్తే గింజ కలుషితమవుతుందా?

వృక్షశాస్త్ర_బోధన

ఇటాలియన్, థాయ్, సబ్జా రుద్రజడ ఒకే జాతి కాబట్టి తేనెటీగల ద్వారా తప్పక కలుస్తాయి, మరుసటి ఏడు మొలిచేవి వాసనలో, ఆకులో అటూఇటూ కాకుండా ఉంటాయి. గింజకు వదిలే రకం ఒక్కదానినే పూయనివ్వండి, మిగతా రెండింటి కంకులను ఆ రోజులలో కోసేయండి. లేదా గింజకు ఎంచుకున్న కంకుల మీద మొగ్గ దశలోనే పలుచని గుడ్డ సంచి కట్టి, పూసినప్పుడు రోజూ మెల్లగా కదిలించండి. కృష్ణ, లక్ష్మీ తులసులు కూడా ఒకదానితో ఒకటి కలుస్తాయి, వాటి పిల్ల మొక్కలలో రంగు పలుచబడినవి కనిపిస్తాయి. బేసిల్‌తో మాత్రం తులసి కలిసే భయం పెట్టుకోనవసరం లేదు. మంచి విత్తనంతో మొదలుపెట్టాలనుకునేవారు హైదరాబాద్ బోడుప్పల్‌లోని సీమ్యాప్ (కేంద్ర ఔషధ, సుగంధ మొక్కల సంస్థ) పరిశోధన కేంద్రంలో విచారించవచ్చు, ఆ సంస్థ సిమ్-ఆయు అనే తులసి రకాన్ని, సిమ్-సౌమ్య అనే బేసిల్ రకాన్ని విడుదల చేసింది.

మంజరి

సబ్జా కోత గురించి నేను చెబుతాను. కంకిలో కింది మూడింట రెండు వంతులు గోధుమ రంగుకు రాగానే కోయాలి, పై కొన వరకు ఎండేదాకా ఆగితే కింది గింజ రాలి కుండీలోనే మొలుస్తుంది. కోసిన కంకులను పాత చీర మీద నీడన ఆరబెట్టి, అరచేతులతో నలిపి, చేటతో చెరిగి, సన్న జల్లెడ పట్టాలి. నల్లని గింజను నీళ్లలో వేసి పావుగంట చూడండి, చుట్టూ తెల్లని జిగురు పొర ఉబ్బితే పక్వానికి వచ్చినట్టు. పిల్లలకు ఎప్పుడూ పూర్తిగా నానిన తరువాతే ఇవ్వాలి, పొడి గింజ గొంతులో ఉబ్బి ప్రమాదం తెస్తుంది.

మిరుగు_వాన

విత్తేటప్పుడు గింజ మీద మట్టి మందంగా కప్పవద్దు. తులసి గింజ మరీ సన్నం, పైన చల్లి అరచేతితో అద్ది, తుంపరగా నీరు చల్లితే చాలు. బేసిల్ వారంలోపే మొలుస్తుంది, తులసికి రెండు వారాల వరకు ఓపిక పట్టాలి.

తులసికోట

మా కోట కింద రాలిన గింజలతో మొలిచిన కృష్ణ తులసి నారు చాలానే ఉంది. ఓరుగల్లులో మట్టెవాడ వైపు వచ్చేవారికి వేరు కదలకుండా మట్టితో సహా తీసి ఇస్తాను. నాలుగాకుల దశలోనే తీసుకెళ్లాలి, పొద్దు వాలిన తరువాత నాటాలి.

మంచిర్యాల_మల్లి

నాకు రెండు మొక్కలు ఉంచండి అమ్మా. మంచిర్యాల దాకా రైలులో తేవాలంటే వేరుకు తడి గుడ్డ చుడితే సరిపోతుందా, మట్టి ముద్దతోనే తేవాలా?

తులసికోట

మట్టి ముద్దతోనే తీసుకెళ్లండి. టీ తాగే కాగితపు కప్పులో పెట్టి ఇస్తాను, అడుగున చిన్న రంధ్రం చేసి ఉంటుంది. ఇంటికి చేరగానే ఎండలో పెట్టకుండా మూడు రోజులు నీడన ఉంచి, తరువాత కోటలో నాటండి.